ఆఫీసుకు ఇంటర్నెట్ ఫోన్లా, పాత ఈపీఏబీఎక్స్ పెట్టెనా?

పన్నెండు మంది ఉన్న ఆఫీసులో ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలిపే పెట్టె) తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ ముందు మీ నెట్ సంగతి చూసుకోండి.

స్పీడు గురించి కంగారు అక్కర్లేదు. జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే ఒక పద్ధతి) ఒక కాల్‌కు ఒక్కో వైపు సుమారు 90 కేబీపీఎస్ చాలు. పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ దాటదు. అసలు తలనొప్పి ఆలస్యం. మాట అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకుండా ఉంటే మంచిది. బాగా పెరిగితే ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతారు. మా ఆఫీసులో ఎవరైనా పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టగానే కస్టమర్లు "హలో, హలో, ముక్కలు ముక్కలుగా వస్తోందండీ" అనేవారు. రూటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఆన్ చేసి కాల్స్‌కు ముందు దారి ఇచ్చాకే ఆ గొడవ తీరింది.

ఇక కరెంటు. రాగి తీగల ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వస్తాయి, అందుకే కరెంటు పోయినా మోగేది. ఫైబర్ ల్యాండ్‌లైన్‌కు, ఇంటర్నెట్ ఫోన్లకు ఆ సుఖం లేదు. మోడెం, రూటర్, స్విచ్ మూడింటినీ యూపీఎస్ మీద పెట్టండి.

వేరే ఊళ్లో బ్రాంచి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఉంటే నేనైతే ఇంటర్నెట్ ఫోన్లకే ఓటేస్తాను. అందరూ ఒకే భవనంలో ఉండి, పెట్టె బాగా పనిచేస్తుంటే తీయకండి. గేట్‌వే (పాత పెట్టెను ఇంటర్నెట్‌కు కలిపే పరికరం) తగిలించి, ఎస్ఐపీ లైను (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ లైను) తీసుకుంటే పాత ఫోన్లే పనికొస్తాయి.

పాత నంబరు కొత్త లైనుకు మారుతుందో లేదో రాతపూర్వకంగా తెలిసేదాకా పాత కనెక్షన్ మాత్రం వదులుకోకండి.