ముందు ఆ ఫోన్ నంబర్ మార్చుకో అమ్మాయ్

ప్రశ్న: అక్కా, నాకు 26. మాది అనకాపల్లి, ఉద్యోగం విశాఖ మధురవాడ ఐటీ హిల్ దగ్గర, ఎంవీపీ కాలనీలో హాస్టల్‌లో ఉంటున్నా. చేతికి 38,000 వస్తుంది. నాకు బట్టలంటే ప్రాణం, జగదాంబ దగ్గర బుట్టకమ్మలు కనిపిస్తే కాళ్లు కదలవు, కే-డ్రామాలు (కొరియా సీరియళ్లు), శనివారం సినిమా, పాత హీరోయిన్ల చీరకట్టు వీడియోలు, ఆడవాళ్లు రాసిన పుస్తకాలు, ఇవే నా లోకం. క్రెడిట్ కార్డు మీద 62,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నా. అందులో 38,000 పోయినేడు నాన్న కంటి ఆపరేషన్‌కి గీకాను, మిగతాది సేల్‌లో బట్టలు, ఫోన్ రిపేరు. ఇంట్లో మాత్రం మొత్తం నా సోకుల వల్లే అంటారు. నా అకౌంట్ డిగ్రీలో ఉండగా తీసింది, దానికి అన్నయ్య నంబరే ఉంది, కార్డు కూడా అదే బ్యాంకు. గీకగానే మెసేజ్ తనకి వెళ్తుంది, వెంటనే ఫోన్ చేసి "ఏటే, మళ్లీ పదిహేను వందలా?" అంటాడు. ఓటీపీ కావాలన్నా తననే అడగాలి. ఫెమినిజం పుస్తకాలు చదివి చెడిపోయానంట, ఇవన్నీ మానేసి నెలకి పది వేలు చొప్పున 2 లక్షల చిట్టీ కట్టమంటున్నాడు. నిజంగానే మానేయాలా అక్కా? కొత్త డ్రెస్ వేసుకున్నా సిగ్గేస్తోంది.

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను అమ్మాయ్, నాలుగు నెలల ఖర్చు కాయితం కూడా పంపావు కదా, దాన్ని లైను లైనుగా చూశాను. ముందు నీ ప్రశ్నకి జవాబు చెప్పేస్తా, మానక్కర్లేదు. ఏడాదిపాటు కాస్త తగ్గించాలి, అది కూడా నెలకి 1,500 మాత్రమే, లెక్క కింద చెప్తాను. కానీ నువ్వు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక మాట ఉంది చూడు, అకౌంట్‌కి అన్నయ్య నంబర్ అని, నాకు నిద్ర పట్టనిది దానితోనే. 62,000 బాకీ ఏడాదిలో తీరిపోతుంది, ఈ నంబర్ సంగతి ఎవరూ పట్టించుకోకపోతే పదేళ్లయినా అలాగే ఉండిపోతుంది.

నేను ఈ పనిలో చూసిన ఒక టీచరమ్మ ఉంది, గోపాలపట్నం వైపు. జీతం ఆవిడది, అకౌంట్ ఆవిడది, నంబర్ మాత్రం మరిదిది, పెళ్లయిన కొత్తలో ఆవిడకి ఫోన్ లేక ఇచ్చారంట. భర్త పోయాక ఇంట్లో మాటలు పెరిగాయి, ఓటీపీ చెప్పడానికి మరిది ఈరోజు రేపు అన్నాడు, సొంత జీతం తీసుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరిగింది పాపం. మీ అన్నయ్య అలాంటివాడని నేను అనట్లేదు, చెల్లెలి మీద ప్రేమ ఉన్నవాడే అయ్యుంటాడు, కానీ ప్రేమ ఉన్నా సరే నీ డబ్బుకి తాళంచెవి ఆయన జేబులో ఉండకూడదు. ఆయన పొరపాటున ఆ సిమ్ మార్చేసినా ఇరుక్కునేది నువ్వే. నీ సంపాదనకి ఇంకొకరు కాపలా కాయడం, ప్రతి 1,500కీ నువ్వు సంజాయిషీ చెప్పుకోవడం, నీకు సిగ్గు అక్కడినుంచి వస్తోంది గానీ డ్రెస్ నుంచి కాదు. నువ్వు చదివే పుస్తకాల్లో ఉన్నది కూడా ఇదే కదా, ఆడదాని కష్టం ఆడదాని చేతిలో ఉండాలనేగా.

ఇప్పుడు లెక్క. నీ కాయితం ప్రకారం హాస్టల్ 8,000, ఇంటికి 8,000, అమ్మ పేరు మీద బంగారం స్కీమ్ 3,000, బాబాయి కట్టించిన పాలసీ 2,400, ఆటోలు 1,800, రీచార్జి మందులు చిల్లర 1,200, బయట తిండి 2,000, కార్డు మినిమమ్ 3,100. మిగిలిన 8,500లోనే నీ సోకులన్నీ, బట్టలు 3,200, మేకప్ క్రీములు 1,400, సినిమాలు ఓటీటీ 1,300, పార్లర్ 1,000, డ్రామా ఫోటోకార్డులు పోస్టర్లు 900, పుస్తకాలు 700. అంటే హాస్టల్ తిండితో సహా నీ బతుకు నువ్వే బతుకుతూ, ఇంటికి పంపుతూ, అమ్మకి బంగారం కడుతూ, ఆ తర్వాత జీతంలో నాలుగో వంతు కంటే తక్కువే నీ ఇష్టాలకి పెట్టుకుంటున్నావు. దీన్ని దుబారా అంటే నేను ఒప్పుకోను.

మరి డబ్బు ఎక్కడ కారిపోతోంది అంటే ఆ 3,100 దగ్గర. మినిమమ్ కడితే బాకీ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, నువ్వూ అనుకున్నావు. మామూలుగా కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం దాకా ఉంటుంది, 62,000 మీద అది 2,170, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, ఇంకో 390, మొత్తం 2,560. నువ్వు కట్టిన 3,100లో అసలుకి వెళ్లింది 540 రూపాయలు! ఏడాది మొత్తం చూసుకుంటే వడ్డీకే 30 వేలు దగ్గర దగ్గర, నీ బట్టల ఖర్చు ఏడాదికి 38,400, అంటే నీ బీరువాలో ముప్పాతిక వంతు పైనే బ్యాంకుకి నింపుతున్నావన్నమాట. ఇంకోటి, పాత బాకీ పూర్తిగా కట్టకుండా కొత్తగా గీకితే ఆ కొత్తదానికి నలభై యాభై రోజుల వడ్డీలేని గడువు ఉండదు, గీకిన రోజునుంచే వడ్డీ మొదలు. అందుకే సేల్‌లో 799కి వచ్చిందనుకున్న కుర్తీ నీకు 799కి రాలేదు.

కాబట్టి కార్డు ఈరోజే బీరువాలో పెట్టేయ్, క్లోజ్ చేయమనట్లేదు, బాకీ తీరేదాకా గీకొద్దు అంతే. జీతం పడే బ్యాంకులోనే పర్సనల్ లోన్ అడుగు. నీకు 15 శాతానికి దొరికింది అనుకుందాం, 62,000కి 12 నెలలకి ఈఎంఐ సుమారు 5,600 అవుతుంది, ఏడాదంతా కలిపి వడ్డీ 5,200 లోపే, ప్రాసెసింగ్ ఫీజు వేరే ఉంటుంది అది అడిగి తెలుసుకో. 30 వేలెక్కడ 5 వేలెక్కడ. లోన్ రాగానే ఆరోజే కార్డు బాకీ మొత్తం కట్టేయాలి, రెండు రోజులాగితే చేతిలో డబ్బు ఏదో ఒకటి అడుగుతుంది.

5,600కి నీ దగ్గర ఆల్రెడీ 3,100 ఉంది, ఇంకో 2,500 కావాలి. అందులో 1,000 ఆటోల నుంచి తీద్దాం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి కింద ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, ఎంవీపీ నుంచి మధురవాడకి పొద్దున్న బస్సులో వెళ్లు. రాత్రి ఆలస్యమైతే మాత్రం ఆటోలోనే రా, అక్కడ డబ్బు మిగిల్చే ఆలోచన పెట్టుకోకు. మిగతా 1,500 నీ 8,500లోంచి. నాకైతే పుస్తకాల 700 ముట్టుకోవాలని లేదు, పార్లర్ కూడా నీ ఇష్టం. ఓటీటీలు ఒకేసారి నాలుగు కడుతున్నావు, నెలకొకటి పెట్టుకుని చూడాల్సినవి చూసేసి తర్వాతి నెల ఇంకొకటి తీసుకో, 500 వస్తుంది. బట్టల్లో 1,000 తగ్గించు.

బట్టల గురించి ఇంకొంచెం చెప్పాలని ఉంది, ఎందుకంటే నీ లిస్టు చూసి నాకు సంతోషం వేసింది. పొందూరు ఖాదీ చీర ఒకటి 4,800 పెట్టి కొన్నానని, అన్నయ్య గొడవ చేశాడని రాశావు, దాన్ని ఇప్పటికి 16 సార్లు కట్టానని కూడా రాశావు. అంటే ఒక్కసారికి 300 పడింది, ఇంకా ఏళ్లు కడతావు. అదే సేల్‌లో తీసుకున్న మూడు కుర్తీలు 799 చొప్పున, ఒక్కొక్కటి ఒక్కసారి వేశావు, ఒక్కసారికి 799 పడింది. ఖరీదైనది ఏది చెప్పు? పైగా ఆ ఖాదీ మన శ్రీకాకుళం జిల్లాది, కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏరి శుభ్రం చేసి చేత్తో నూలు వడుకుతారు, వడికేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, నీ 4,800లో కొంత వాళ్ల చేతికి వెళ్తుంది. అలాంటి చీర మీద డబ్బు పెట్టడం నాకు తప్పుగా కనిపించలేదు. రెడీమేడ్ కొనేటప్పుడు మాత్రం ఒకటి గుర్తు పెట్టుకో, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో పీస్ ధర 2,500 దాకా జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. టాక్స్ కాకుండా 2,500 అయితే బిల్లు 2,625, 2,600 అయితే బిల్లు 3,068. వంద రూపాయల తేడాకి 443 ఎక్కువ కడతావు, బోటిక్‌లో బేరం ఆడేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

చిట్టీ సంగతి. నెలకి పది వేలు ఎక్కడినుంచి తెస్తావు? వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి ఏడాదికి 50 శాతం దాకా తినే బాకీ నెత్తిమీద ఉండగా ఏ చిట్టీ అయినా దండగే. బాకీ తీరాక కట్టాలనిపిస్తే రిజిస్టర్ అయిన కంపెనీ చూసి కట్టు, తెలిసినవాళ్లు కదా అని వీధి చిట్టీలో మాత్రం వద్దు.

ఇంక నీ పేరు మీద ఏముందో చూద్దాం, నాకు బెంగ కలిగించే రెండో విషయం ఇదే. బంగారం అమ్మ పేరు, పాలసీకి నామినీ అన్నయ్య, ఓటీపీ అన్నయ్యకి. నువ్వు భానుమతి గారి చీరకట్టు అంటే చెవికోసుకుంటానని రాశావు. ఆవిడ ఆ చీరల్లో కెమెరా ముందు నిలబడి ఊరుకోలేదమ్మా, పాడింది, కథలు రాసింది, 1953లోనే మూడు భాషల సినిమాకి దర్శకత్వం చేసింది, భర్తతో కలిసి కొడుకు పేరు మీద భరణి సంస్థ పెట్టి సొంత స్టూడియో కట్టుకుంది. ఆ ఠీవి చీరలోంచి వచ్చిందా స్టూడియోలోంచి వచ్చిందా అని నేను చాలాసార్లు అనుకుంటాను, రెండూ ఆవిడవే కాబట్టి వచ్చింది అనిపిస్తుంది. నీకూ రెండూ ఉండాలని నా ఆశ.

ఉన్నవాటిలో నీదే అయినది పీఎఫ్, జీతంలోంచి కట్ అవుతూనే ఉంటుంది, అయినా దాని గురించి ఒక్క ముక్క రాయలేదు నువ్వు. నీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్)తో లాగిన్ అయి బ్యాలెన్స్ చూడు, 2024-25కి వడ్డీ 8.25 శాతం ఇచ్చారు, నీ పెట్టుబడుల్లో ఇప్పటికి మంచిది అదే. అక్కడ ఈ-నామినేషన్‌లో అమ్మ పేరు పెట్టు, పెళ్లయితే ఆ నామినేషన్ చెల్లదు, మళ్లీ కొత్తగా వేయాలి. పాలసీకి కూడా అన్నయ్యకి బదులు అమ్మని నామినీగా పెట్టు, పాలసీ ఇప్పుడే సరెండర్ చేయకు, ఎన్నేళ్లు కట్టావో బాండు ఫోటో తీసి పంపితే చూసి చెప్తాను. బంగారం స్కీమ్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది కాబట్టి పూర్తి చేసేయ్, కురుపాం మార్కెట్‌కి అమ్మతో కలిసి వెళ్లు, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ కోడ్) ఉన్న నగే తీసుకో, బిల్లు నీ పేరు మీద రాయించుకునే వీలుందా అని ముందే అడుగు. పెళ్లికే కదా అంటారు, పెళ్లికైనా నీ డబ్బుతో కొన్నదానికి బిల్లు నీ పేరు మీద ఉండటంలో ఎవరికీ నష్టం లేదు. నీ పేరు మీద కాస్త ఆస్తి పోగయ్యాక వీలునామా కూడా రాసుకో, 26కే ఏంటి ఈ మాటలు అనుకోకు, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పెళ్లయిన ఆడపిల్ల వీలునామా లేకుండా పోతే, భర్తా పిల్లలూ లేకపోతే, ఆమె సొంతంగా సంపాదించింది ముందు భర్త తరఫు వారసులకి వెళ్తుంది, కన్న అమ్మానాన్నలు వాళ్ల తర్వాతే. ఇది తెలియని ఆడపిల్లలు ఎంతమందో.

ఏడాది తర్వాత 5,600 నీ చేతికి తిరిగొస్తుంది. మొదటి ఆరేడు నెలలు దాన్ని బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీలో వేసి అత్యవసరానికి ఒక 40 వేలు పోగుచెయ్, నాన్నకి మళ్లీ ఏదన్నా అయితే కార్డు గీకే పని ఉండకూడదు, అలాగే అమ్మానాన్నలకి ఆరోగ్య బీమా చూద్దాం, వ్యక్తిగత పాలసీల మీద ఇప్పుడు జీఎస్టీ లేదు. ఆ తర్వాత ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని షేర్లే కొనే మ్యూచువల్ ఫండ్) నెలనెలా 2,000 సిప్ మొదలుపెట్టొచ్చు. ఆడవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పొదుపు పథకం మహిళా సమ్మాన్ సర్టిఫికెట్ గురించి కూడా ఉత్తరంలో అడిగావు, అది 2025 మార్చి 31తో ఆగిపోయింది.

నీ సోకులకి వేరే అకౌంట్ ఒకటి తెరువు, ఒకటో తారీఖున 7,000 అందులోకి వెయ్, అది అయిపోయేదాకా ఏం కొన్నా ఎవరికీ చెప్పక్కర్లేదు, నాక్కూడా. ఇంట్లో మాత్రం ఒక్కసారి కూర్చుని 62,000లో 38,000 నాన్న కంటికి అని కాయితం మీద రాసి చూపించు, గొంతు పెంచక్కర్లేదు, అంకెలు చాలు. అన్నయ్యకి నంబర్ సంగతి కూడా అప్పుడే చెప్పు, "నీ మీద నమ్మకం లేక కాదు అన్నయ్యా, నా అకౌంట్‌కి నా నంబర్ ఉండాలి" అను. ఒప్పుకోకపోయినా మార్చుకో, దానికి ఆయన సంతకం అక్కర్లేదు.

ఆధార్, పాన్, పాస్‌బుక్ పట్టుకుని నీ బ్రాంచికి వెళ్తే ఒక ఫారం ఇస్తారు, కార్డు అకౌంట్‌కి కూడా నంబర్ మార్చమని అడుగు, ఆధార్‌లో, యూఏఎన్‌లో ఏ నంబర్ ఉందో అదీ చూసుకో. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకు ఉండదు, మామూలు రోజు పొద్దున్నే ఆఫీసులో పర్మిషన్ పెట్టి వెళ్లు, అయిపోగానే నాకు రెండు ముక్కలు రాయి.