కోసిన జమ్ము మళ్లీ ఎందుకు లేస్తుంది?

విశాఖ పక్కన కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు లాంటి చోట్ల జమ్ము (నీళ్లలో గుబురుగా, పొడవుగా పెరిగే మొక్క) ఎంత కోసినా మళ్లీ ఎందుకు లేస్తుందని అడిగారు. దాని ప్రాణమంతా బురదలోని దుంపవేరులో ఉంటుంది. ఆకును అడ్డంగా కోసి చూడండి, లోపలంతా గాలి గదులే. ఆక్సిజన్ కిందికి దిగేది వాటి గుండానే; ఎండిన మోడు కూడా గొట్టంలా ఈ పని చేస్తుంది. అందుకే నీటి పైన కోస్తే కూలి దండగే. నీటి మట్టానికి కింద కోసి, మోడు కొన్ని వారాలు మునిగే ఉంటే దుంపకు ఊపిరాడక కుళ్లిపోతుంది. కాబట్టి వానలకు నీళ్లు పెరగబోయే ముందు కోయడం నయం. పూత సమయం కలిసొస్తే ఇంకా మంచిది, అప్పటికి దుంపలో దాచుకున్న పిండి బాగా తగ్గి ఉంటుంది. మొత్తం మాత్రం తీసేయకండి, నీటికోళ్లు గూళ్లు పెట్టేది అందులోనే.