పిట్టలు పిడుదుల్ని మోసుకొస్తాయా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. బాల్కనీలో పిట్టలకు గింజలు, నీళ్లు పెడతాం. వలస పక్షులతో పిడుదుల జబ్బులు వస్తాయని చదివి మావారు గిన్నెలు తీసేయమంటున్నారు. జనవరిలో పిల్లలతో తీర్థహళ్లి వైపు వెళ్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: గిన్నెలు తీయనక్కర్లేదండీ. రోజూ నీళ్లు మార్చి, గిన్నె తోమి పెట్టండి, చాలు.

పక్షి పిడుదును మోయడం వేరు, జబ్బును మోయడం వేరు. గుడ్డులోంచి వచ్చిన పిడుదుకు ఆరు కాళ్లే. రక్తం తాగి కుబుసం విడిచాక ఎనిమిది కాళ్ల పిల్ల పిడుదవుతుంది. నేల మీద మేసే పిట్టలకు ఎక్కువగా పట్టేవి ఈ రెండు దశలే. కళ్ల చుట్టూ, ముక్కు మొదట్లో, చెవుల దగ్గర, అంటే పిట్ట ముక్కుకు అందని చోట్ల కరుచుకుంటాయి. చాలా జాతులు కొద్ది రోజుల్లో కడుపు నిండి రాలిపోతాయి. హయలోమా జాతిలో కొన్ని మాత్రం రెండు దశలూ ఒకే పిట్ట మీద గడుపుతూ రెండు మూడు వారాలు ఉండగలవు. వలస పక్షుల మీద అవి యూరప్ ఉత్తరం దాకా చేరేది అలాగే. క్రిమియన్-కాంగో జ్వరం ప్రధానంగా ఈ పిడుదుల వల్ల వస్తుంది, కానీ చాలా పక్షుల రక్తంలో ఆ వైరస్ పెరగదు. అక్కడ పిట్ట వాహనం మాత్రమే. పిడుదులతోనే వచ్చే లైమ్ జబ్బు సంగతి వేరు. దాని బాక్టీరియాలో గరినీ అనే రకం పిట్టల ఒంట్లోనే ఉండి, వాటిని కుట్టిన కొత్త పిడుదులకు అంటుకుంటుంది.

మీరు వెళ్లే తీర్థహళ్లి ఉన్న శివమొగ్గ జిల్లాలోనే, 1957లో క్యాసనూరు అడవిలో కోతి జ్వరంతో కోతులు చచ్చిపోయినప్పుడు, ఆ వైరస్‌ను సైబీరియా వలస పక్షులు తెచ్చాయేమోనని అనుమానించారు. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ ఆధ్వర్యంలో పక్షులకు రింగులు వేసే పని పెద్ద ఎత్తున మొదలవడానికి ఆ అనుమానమూ ఒక కారణం. తీరా చూస్తే ఆ వైరస్ రష్యా మెదడువాపు వైరస్‌కు బంధువే గానీ, అదే కాదు. ఆ అడవుల్లో అసలు భయం పిట్టతో కాదు, చచ్చిన కోతితో. ఒళ్లు చల్లబడగానే వైరస్ ఉన్న పిడుదులు దిగిపోయి చుట్టూ ఆకుల్లో కాచుకుంటాయి. అటువైపు వెళ్లకండి, ఆరోగ్య శాఖకు చెప్పండి. డిసెంబర్ నుంచి మే దాకా కోతి జ్వరం వచ్చే కాలమే. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. పిడుదుల్ని దగ్గరికి రానివ్వని డెపా (DEPA) నూనె గానీ డీట్ (DEET) ఉన్న మందు గానీ రాసుకోండి, పిల్లలకైతే డబ్బా మీద రాసిన వయసు చూసి వాడండి. ఎండుటాకుల మీద కూర్చోవద్దు. బసకు రాగానే వేడినీళ్ల స్నానం చేసి, చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, మోకాళ్ల వెనక వేలితో తడిమి చూడండి. పిల్ల పిడుదు నువ్వు గింజ కన్నా చిన్నది, కంటికి ఆనకపోవచ్చు.

బాల్కనీలో పావురం గూడు ఉంటే మాత్రం పట్టించుకోండి. గోడ పగుళ్లలో పగలు దాక్కుని రాత్రి కుట్టే మెత్తటి పిడుదులుంటాయి. పావురాలు వెళ్లిపోతే ఆకలికి మనుషుల మీదికి వస్తాయి. పిల్లలు ఎగిరిపోయాక మాస్కు, గ్లౌజులతో గూడు తడిపి తీసి, పగుళ్లు పూడ్చండి.

ప్రశ్న: కరుచుకున్న పిడుదు మీద కిరోసిన్ పోయొచ్చా?

జవాబు: వద్దు. నెయ్యి, అగ్గిపుల్ల కూడా వద్దు. కంగారుపడిన పిడుదు లాలాజలాన్ని గాయంలోకి కక్కుతుంది, జబ్బు ఉండేది అందులోనే. మొన వాడిగా ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టి, మెలి తిప్పకుండా, నిదానంగా పైకి లాగండి. పొట్ట నొక్కొద్దు. సబ్బుతో కడిగి, తేదీ రాసిపెట్టుకోండి. కోతి జ్వరం సాధారణంగా 3 నుంచి 8 రోజుల్లో బయటపడుతుంది. రెండు వారాల్లోపు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు ముందే చెప్పండి. పిడుదుల టైఫస్ అనే జ్వరమైతే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది, కోతి జ్వరానికి ప్రత్యేక మందు లేదు. డాక్టరు చూసేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వేసుకోవద్దు. కోతి జ్వరంలో కొందరికి రక్తస్రావం అవుతుంది, ఈ మాత్రలు దాన్ని పెంచవచ్చు.