గుణుపురం అమ్మాయి, సీఎస్‌ఆర్ ఉద్యోగం

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. బజార్లో కిరాణా కొట్టు. మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకుంది. కొట్లో కూర్చుని సవర గిరిజనులతో వాళ్ల భాషలోనే మాట్లాడుతుంది. బ్యాంకు పరీక్షలకు కోచింగ్‌లో చేర్పిస్తానంటే వద్దంటోంది. ఏదో కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) విభాగంలో చేరి పల్లెల్లో పనిచేస్తుందట. అది ఉద్యోగమా, సంఘసేవా? ఆడపిల్ల కదా, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అది ఉద్యోగమేనండీ. కంపెనీ దయతలచి ఇచ్చే చందాతో నడిచే పని కాదు, చట్టం పెట్టించే ఖర్చు. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ముందు చూడాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. మీ రాయగడ జిల్లాలో జేకేపూర్ కాగితం మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్, కాశీపూర్ వైపు ఉత్కల్ అల్యూమినా ఉన్నాయి. పక్క జిల్లా కోరాపుట్‌లో, దమన్‌జోడిలో నాల్కో ఉంది. ఈ పని కోసం అమ్మాయి ఢిల్లీ, ముంబయి పోనక్కర్లేదు.

అయితే నేరుగా కంపెనీలోనే చేరతానన్న దగ్గర అమ్మాయి కాస్త ఆలోచించుకోవాలి. సీఎస్‌ఆర్ పరిపాలనా ఖర్చులు ఆ ఏడాది మొత్తం సీఎస్‌ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదని నిబంధన. అందుకే కంపెనీల్లో ఆ విభాగాలు చిన్నవిగా ఉంటాయి, అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. ఊళ్లో పని చాలావరకు స్వచ్ఛంద సంస్థలు చేస్తాయి. అలాంటి సంస్థ సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 ఫారం నింపి ముందుగా నమోదు చేసుకోవాలి. డబ్బు చెప్పిన పనికే వాడారని కంపెనీ ఆర్థిక విభాగం అధిపతి ధ్రువీకరించాలి. ఆయన సంతకం చేయాలంటే ఊరి నుంచి బిల్లులు, లెక్కలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి వాడారో చెప్పే ధ్రువపత్రం) సరిగ్గా రావాలి. బీకాం చదివిన మనిషి అవసరం అక్కడుంది.

లెక్కలు ఒక్కటే వస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం ఒక పల్లెటూరి బడికి వెళ్లాను. కంపెనీ డబ్బుతో కట్టిన మరుగుదొడ్లు, మీద పెద్ద బోర్డు, తలుపులకు తాళాలు. నీళ్లు లేవు. ఆడపిల్లలు బడి వెనక పొదల్లోకి వెళ్తున్నారు. కాగితాల్లో మాత్రం ఒక్క తప్పు లేదు, ప్రారంభోత్సవం ఫొటోలతో సహా ఉన్నాయి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, ఎవరు కడుగుతారు అని కట్టకముందు ఊళ్లో కూర్చుని అడిగినవాళ్లే లేరు. ఆ తాళాలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

దీనికి పూర్తిగా వేరే దారి మీకు దగ్గర్లోనే ఉంది. బరంపురం పక్కన మోహుదాలో 1979లో మొదలైన గ్రామ్ వికాస్, ఊళ్లో ప్రతి ఇల్లూ ఒప్పుకుని తలా కొంత నిధి వేసుకుంటేనే నీళ్లు, మరుగుదొడ్ల పని మొదలుపెట్టే పద్ధతి నడిపింది. అలా ఒప్పించడానికి ఊరి భాష రావాలి, ఓపిక ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ పట్టుబట్టి సవర నేర్చుకున్నారు. మీ అమ్మాయికి అది కొట్లోనే వచ్చేసింది. అది ఎంత విలువైనదో మీ ఇంట్లో ఎవరూ గుర్తించినట్టు లేదు. కొండ మీద ఊళ్లో మీటింగ్ పెడితే వెనక కూర్చున్న ముసలమ్మ ఏమంటోందో అర్థమయ్యే అకౌంటెంట్ దొరకడం ఏ సంస్థకైనా అదృష్టం.

అందుకని, డిగ్రీ అవగానే రాయగడలోనో గజపతి జిల్లాలోనో మంచి స్వచ్ఛంద సంస్థలో రెండేళ్లు పనిచేయమనండి. నెలలో సగం రోజులు లెక్కల దగ్గర, సగం ఊళ్లలో ఉండేలా అడిగి చేరాలి. ఆ తర్వాత పీజీ చేస్తే చదివింది బాగా ఎక్కుతుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), హైదరాబాద్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) క్యాంపస్, భువనేశ్వర్ ఎక్సిమ్ యూనివర్సిటీలో రూరల్ మేనేజ్‌మెంట్ చూడొచ్చు. స్టేట్ బ్యాంకు వాళ్ల యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ కూడా ఉంది. 21 నుంచి 32 ఏళ్లలోపు డిగ్రీ అయినవాళ్లు 13 నెలలు పల్లెల్లో పనిచేసే కార్యక్రమం అది.

ఇబ్బందులు దాచను. మొదట్లో జీతం బ్యాంకు క్లర్కు జీతం కన్నా తక్కువే. సీఎస్‌ఆర్ నిబంధనల్లో కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఏడాది పోగా మూడేళ్లకు మించనిదే. ప్రాజెక్టు అయిపోతే కొత్త నిధులు వచ్చేదాకా ఉద్యోగానికి భరోసా ఉండదు. మంచి సంస్థల్లో కూడా ఇది జరుగుతుంది. అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. మీకూ ఒక మాట: బ్యాంకు దారి మూసుకుపోదు. ఐబీపీఎస్ క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల వరకు, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు 30 వరకు వయసు ఉంటుంది. రెండేళ్లు పోయినా ఆ పరీక్షలు రాసుకోవచ్చు.

చేరే ముందు సంస్థకు సీఎస్‌ఆర్-1 నంబరు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయో లేదో అడగండి. నియామక పత్రం రాతపూర్వకంగా తీసుకోండి. లైంగిక వేధింపులపై ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. పదిమంది ఉద్యోగులున్న ఏ సంస్థలోనైనా 2013 చట్టం ప్రకారం అది ఉండాలి.

పరీక్షలు అయ్యాక ముందు ఒక్క నెల ఇంటర్న్‌షిప్‌కు పంపి చూడండి. మొదటి రోజు మీరూ వెంట వెళ్లండి. ఉండే గది, భోజనం, ఊళ్లకు తీసుకెళ్లే బండి చూసుకోండి. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న అమ్మాయిలతో మీ ఆవిడను ఓ గంట కూర్చోబెట్టండి. మీరు అడగలేనివి ఆవిడ అడుగుతారు.