హైడ్రాలిక్ రెస్క్యూ పరికరాలు సిబ్బందికి నేర్పేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రమాదంలో నలిగిన కార్లలో చిక్కుకున్నవాళ్లను బయటికి తీయడానికి కొత్తగా స్ప్రెడర్ (లోహాన్ని విడదీసేది), కట్టర్ (కోసేది), రామ్ (నెట్టి ఎడం చేసేది), లిఫ్టింగ్ బ్యాగులు (గాలి నింపి బరువు ఎత్తేవి) వచ్చాయి, కంపెనీవాళ్లు ఒక పూట డెమో చూపించి వెళ్లిపోయారు, ఇక సిబ్బందికి మేమే నేర్పాలి అని మీరు అన్నారు. డెమోలో అందరికీ నచ్చేది డోరు ఊడదీయడం. మీరు మాత్రం దాంతో మొదలుపెట్టకండి. ఈ పరికరాలు చాలావరకు 700 బార్ దగ్గర పనిచేస్తాయి, అంత ఒత్తిడికి ఇనుము ఎటో ఒకవైపు లొంగక తప్పదు. ఎటు లొంగుతుందన్నదే అసలు ప్రశ్న. దెబ్బలు తగిలేది టూల్ కొన దగ్గరే కాదు. టూల్ అటు తిరిగినప్పుడు, బండి కదిలినప్పుడు, తెగిన ముక్క ఎగిరినప్పుడు కూడా తగులుతాయి. అందుకే మొదటి రోజు నుంచే ఒక మనిషిని చూడటానికే నిలబెట్టండి. అతను టూల్ ముట్టుకోడు, టూల్ పట్టనిచోట ఏం కదులుతుందో చూస్తాడు. "ఆపు" అనే మాట ఎవరు అన్నా, కొత్తగా చేరిన కుర్రాడు అన్నా, చెయ్యి వెంటనే కంట్రోల్ మీంచి తీసేయాలి. చెయ్యి తీస్తే కంట్రోల్ దానంతటదే మధ్యకు వచ్చి టూల్ ఉన్నచోటే ఆగాలి. అలా రాకపోతే ఆ టూల్ ఆ రోజుకి పక్కన పెట్టేయండి.

కారు లేకుండానే చాలా నేర్పొచ్చు. కప్లింగులు (హోసును టూల్‌కి కలిపే బిగింపులు) కలపగానే హోస్ మూత, టూల్ మూత ఒకదానికొకటి బిగించడం అలవాటు చేయండి. మూతలు నేలమీద పడితే ఇసుక అంటుతుంది, ఒక్క రేణువు వాల్వులో ఇరుక్కున్నా కప్లింగ్ సరిగా కూర్చోదు. ఎండలో ఉంచిన హోసులో నూనె వ్యాకోచించి లోపల ఒత్తిడి నిలిచిపోతే కప్లింగ్ ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కించాలని చూడకుండా, ఒత్తిడి వదిలే పద్ధతి మాన్యువల్‌లో చూసి చేయించండి. మినరల్ ఆయిల్ వాడే పంపులో ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవం పోస్తే సీళ్లు (నూనె కారకుండా ఆపే రబ్బరు వలయాలు) పాడవుతాయి, కాబట్టి ఏది పోయాలో పంపు మీదే రాసి పెట్టండి. హోసు కారుతోందేమోనని చేత్తో తడిమి చూడటం మాత్రం ఎవరికీ, ఎప్పుడూ కుదరదు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. సూదిబెజ్జమంత రంధ్రంలోంచి వచ్చే నూనె గ్లౌజునీ చర్మాన్నీ దాటి లోపలికి పోతుంది. పైకి కనిపించేది చిన్న చుక్క, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. అయినా అది వెంటనే సర్జన్ చూడాల్సిన గాయం.

తర్వాత చెయ్యి కుదరడానికి ఒక చిన్న పని పెట్టండి. గ్లౌజులు వేసుకుని, హెల్మెట్ వైజర్ దించి, స్ప్రెడర్ కొనలతో టెన్నిస్ బంతిని నలగకుండా ఎత్తి ట్రాఫిక్ కోన్ మీద పెట్టాలి. ఆటలా కనిపిస్తుంది గానీ ఎవరు కంట్రోల్‌ని కొద్దికొద్దిగా తిప్పుతున్నారో, ఎవరు ఒక్కసారిగా తిప్పేస్తున్నారో తెలిసిపోతుంది. టూల్‌కీ బండికీ మధ్య నిలబడే అలవాటు ఇక్కడే మాన్పించాలి. పట్టుకోవాల్సింది పిడులనే, చేతులు స్ప్రెడర్ బాహువుల మీదికి పోకూడదు. తెరుచుకునేటప్పుడు అది పక్కకి తిరిగితే బలంగా నిలిపే ప్రయత్నం వద్దు, ఆపి మళ్లీ పెట్టుకోవాలి.

బండి కదలకుండా దిమ్మెలు పెట్టి నిలబెట్టడం మీద తక్కువ సమయం పెట్టేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో సగం శిక్షణ ఇదే కావాలి. 10 సెంటీమీటర్ల చదరపు చెక్క దిమ్మెలు వరసకు రెండు చొప్పున, ఒక వరస నిలువుగా, దాని మీది వరస అడ్డంగా పేరిస్తే నాలుగు చోట్ల ఆనుతాయి. మంచి డగ్లస్ ఫర్ లేదా సదరన్ పైన్ చెక్కయితే ఒక్కో ఆనికకు సుమారు 2.7 టన్నులు, మొత్తం 10 టన్నులకు పైగా లెక్క. దిమ్మె చివర ఆనికను దాటి కనీసం 10 సెంటీమీటర్లు బయటికి ఉండాలి, లేకపోతే చివర చీలిపోతుంది. పేర్పు ఎత్తు దాని కింది వెడల్పుకు మూడు రెట్లు మించకూడదు. ఈ మెత్తచెక్క విరిగే ముందు చిటపటలాడి హెచ్చరిస్తుంది, దాన్ని ఎంచుకునేది అందుకే. దిమ్మెలకు పెయింట్ వేయకండి, పగుళ్లు కనిపించవు, పైగా జారుతాయి.

లిఫ్టింగ్ బ్యాగు మీద రాసిన టన్నులు చూసి మోసపోవడం మామూలే. 8 బార్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 8 కిలోలు. 50 సెంటీమీటర్ల చదరపు బ్యాగు చదునుగా ఉన్నప్పుడు 2,500 చదరపు సెంటీమీటర్ల మీద 20 టన్నులు ఎత్తాలి. అది దిండులా ఉబ్బేకొద్దీ ఆనే వైశాల్యం తగ్గుతుంది, ఆనేది సగమైతే బలమూ సగమే. కాబట్టి వీలైనంత చదునుగా, సందు తక్కువ ఉన్నచోట పెట్టాలి. రెండు బ్యాగులకు మించి ఒకదాని మీద ఒకటి వద్దు, పెద్దది కింద. వేలెడు లేవగానే వేలెడు దిమ్మె నెట్టాలి. ఆ దిమ్మెను ఇంకో దిమ్మెతోనే నెట్టాలి, చెయ్యి బరువు కిందికి పోకూడదు.

ఇప్పుడు కట్టర్. లోహాన్ని బ్లేడ్ల గొంతులోకి, అవి కలిసే ఇరుసుకు దగ్గరగా తీసుకోవాలి, బ్లేడు లోహానికి 90 డిగ్రీల్లో ఉండాలి. కొనలతో కొరికితే బ్లేడ్లు పక్కలకి విడిపోతాయి, వాటి మధ్య లోహం చీలలా దూరి బ్లేడు విరగొచ్చు. ఆ ఎడం కనిపించిన క్షణమే ఆపి, తెరిచి, కోణం మార్చుకోవాలి. కట్టర్ ఆగిపోయిందంటే దాని బలం చాలలేదనుకోవద్దు, చోటు మార్చండి. ఈమధ్య కార్ల బి-పిల్లర్‌లో (ముందు, వెనక డోర్ల మధ్య నిలువు స్తంభంలో) బోరాన్ స్టీల్ అనే చాలా గట్టి ఉక్కు ఉంటోంది, పాత కట్టర్లు దాన్ని కొయ్యలేవు. శిక్షణకు తెచ్చే తుక్కు కార్లు బాగా పాతవైతే సిబ్బందికి ఈ సంగతి అనుభవంలోకి రాదు, అప్పుడప్పుడైనా కొత్త మోడల్ బాడీ సంపాదించండి. కొయ్యబోయే ప్రతిచోటా లోపలి ప్లాస్టిక్ ముందు ఊడదీసి చూడాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క అద్దాల మీదికి పరదాలా దిగేది) గ్యాస్ సిలిండర్ పిల్లర్‌లోనో పైకప్పు అంచులోనో ఉంటుంది, దాని మీద కట్టర్ పడకూడదు.

బ్యాటరీ తీసే ముందు సీట్లు వెనక్కి, అద్దాలు కిందికి, లాకులు తెరిచి, ఆ తర్వాత నెగటివ్ ముందు, పాజిటివ్ వెనక. తీసిన తర్వాత కూడా కొంతసేపు ఎయిర్‌బ్యాగుల్లో ఛార్జి నిలిచే అవకాశం ఉంది. పేలని ఎయిర్‌బ్యాగ్ నుంచి పక్కన 5 అంగుళాలు, స్టీరింగ్ ముందు 10, ప్రయాణికుడి డాష్‌బోర్డు ముందు 20 అంగుళాల దూరం పాటించాలి. నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోవద్దు, అవి హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో హై వోల్టేజివి.

డోరు దగ్గరికి వచ్చేసరికి చెప్పాల్సింది తక్కువే మిగులుతుంది. పక్కనున్న రేకును నలిపి సందు చేయాలి, కొనలు పూర్తిగా లోపలికి దింపాలి, రేకు పొర మాత్రమే చిరుగుతుంటే ఆపి మళ్లీ పెట్టాలి. డోరు ఎటు తెరుచుకుంటుందో ఆ దారిలో ఎవరూ ఉండకూడదు, లోపలి మనిషికీ టూల్‌కీ మధ్య గట్టి పలక అడ్డం ఉండాలి.

సర్దేటప్పుడు స్ప్రెడర్ కొనల మధ్య కొద్ది మిల్లీమీటర్ల సందు వదలండి, పూర్తిగా మూస్తే లోపల ఒత్తిడి నిలిచిపోతుంది. బ్లేడ్ల మీద గాట్లు, హోసుల మీద ఉబ్బులు చూసి, కనబడినవి రిజిస్టరులో రాసి, అప్పుడే బండెక్కించండి.