చిన్నపిల్లలకు చుట్టరికాలు ఎలా నేర్పాలి? మా అవ్వ చింతగింజలతో నేర్పింది

"మా బాబుకు ఏడేళ్లు. బడిలో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టు ఇచ్చారు. వాడేమో చుట్టాలందరినీ అంకుల్, ఆంటీ అంటాడు. చిన్నపిల్లలకు చుట్టరికాలు ఎలా నేర్పాలి?" అని ఒకరు అడిగారు.

ముందు ఆ చార్టు కొనకండి. కొని ఉంటే అటక మీద పడేయండి. మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇదే ప్రాజెక్టు మా ఇంటికీ వచ్చింది. స్టేషనరీ దుకాణంలో అచ్చేసిన చెట్టు బొమ్మ దొరుకుతుంది. కొమ్మకో ఆపిల్ పండు, పండుకో ఫొటో అంటించే ఖాళీ. పైన గ్రాండ్ పేరెంట్స్ నలుగురు, వాళ్ల కింద ఫాదర్, మదర్, అడుగున పిల్ల. ఒక మూలకు అంకుల్, ఆంటీ, కజిన్ అని మూడు పండ్లు. మా రెండు వైపులా కలిపితే పాపకు అన్నలు, బావలే పదకొండు మంది. అందరూ ఆ ఒక్క కజిన్ పండులో ఇరుక్కోవాలి.

మాది జడ్చర్ల దగ్గర ఊరు, ఉండేది హైదరాబాద్‌లో. పెత్తరమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, తల్లిగారింటికి పోయినప్పుడు ఆ చార్టు కూడా వెంట తీసుకుపోయాం, అక్కడ పాత ఫొటోలు దొరుకుతాయని. పొద్దున నాయన పెద్దలకు బియ్యం ఇస్తున్నాడు. అయ్యగారు తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడుగుతారు కదా, నాయన ముత్తాత దగ్గర ఆగిపోయాడు. ప్రతి ఏడూ అక్కడే ఆగుతాడు. ప్రతి ఏడూ లోపలి నుంచి అవ్వే, అంటే నాయన తల్లే, కేకేసి చెప్తుంది. ఆ ముత్తాత అవ్వకు రక్తసంబంధం కాడు, అత్తగారింటి మనిషి. ఆయనను ఆమె కళ్లతో చూడనుకూడా లేదు. అయినా ఆయన పేరు గుర్తున్నది ఆమెకే.

మధ్యాహ్నం అవ్వ అరుగు మీద కూర్చుని సీతాఫలం తింటుంటే పాప పోయి చార్టు చూపించింది. మా బాలానగర్ దిక్కు ఆ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా గంపెడు సీతాఫలాలు ఉంటాయి. అవ్వ కళ్లద్దాలు సవరించుకుని చూసి, "ఏందే పిల్లా ఇది, చెట్టుకు మనుషులు కాసిండ్రా?" అన్నది. తర్వాత, "ఇండ్ల నేనేడున్న?" అని అడిగింది. పాప వెతికింది. తాతమ్మకు పండు లేదు. చార్టు తాత దగ్గరే అయిపోయింది.

అవ్వ లోపలికిపోయి చింతగింజల డబ్బా తెచ్చింది. చింతగింజలు మొగోళ్లు, తాను ఉమ్మిన సీతాఫలం గింజలు ఆడోళ్లు. ముందు తన అత్తమామలను పెట్టింది, ఒక చింతగింజ, ఒక సీతాఫలం గింజ. వాళ్ల కింద ముగ్గురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. నడిమి కొడుకు పక్కన ఒక సీతాఫలం గింజ పెట్టి "ఇది నేను" అన్నది. అక్కడితో ఆగలేదు. అరుగు అవతలి కొసకు జరిగి తన అమ్మానాయనను పెట్టింది, పక్కన తమ్ముణ్ని పెట్టింది. "నేనేం ఆకాశంల నుంచి పడ్డనా?"

నాకు అప్పుడే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ప్రశ్నకు దీంతో సంబంధం తక్కువే, అయినా చెప్తాను. మా ఇంట్లో వంశవృక్షం అనే మాట నేను మొదటిసారి విన్నది తాత పోయినంక, భూమి ఫౌతి కోసం, అంటే పోయిన మనిషి భూమిని వారసుల పేరు మీదికి మార్చడానికి. ఇంట్లో పెద్దమనుషులు కూర్చుని కాగితం మీద గీతలు కొట్టి పేర్లు రాశారు. నాయన ఉన్నాడు, చిన్నాయన ఉన్నాడు. మా మేనత్త, తాతకు పెద్ద బిడ్డ, ఆ కాగితంలో లేదు. అడిగితే "ఆమెకు పెండ్లప్పుడు ఇచ్చినం గదా" అన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే పెండ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా వచ్చింది. 2005లో దేశమంతటా పెండ్లయిన బిడ్డలకూ వచ్చింది. చట్టంలో ఉన్న మనిషి ఇంటి కాగితంలో ఉండదు. అందుకే నాకు కాగితం మీది చెట్టంటే నమ్మకం లేదు. మనం వేరే ఇంటికి పోయిన వాళ్లను కొమ్మలాగా కొట్టేస్తాం, వచ్చిన వాళ్లకు వేర్లు లేనట్టు చూస్తాం.

సరే, గింజల దగ్గరికి వస్తాను. అవ్వ తన ముగ్గురు పిల్లలను వరుసగా పెట్టింది. మా అమ్మ గింజ దగ్గర చిక్కు వచ్చింది. మా అమ్మ అవ్వకు సొంత తమ్ముని బిడ్డ. అంటే మేనరికం. ఆ గింజ అటు తమ్ముని కింద ఉండాలి, ఇటు నాయన పక్కన ఉండాలి. అవ్వ చేతిలో గింజ పట్టుకుని కొంచెంసేపు ఆలోచించి, బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూల కుప్పలోంచి ఒక కాడ తీసి అటు నుంచి ఇటు అడ్డంగా పెట్టింది. కింద అక్క, అన్న, నేను. మా కింద మా పిల్లలు.

అక్క కొడుకు, అన్న కొడుకు వాకిట్లో ఆడుకుంటున్నారు. పాపను పిలిచి అవ్వ అడిగింది, "వాడు నీకేమైతడు?" కజిన్. "మరి వాడు?" వాడూ కజినే. అవ్వకు ఆ మాట తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అక్కను, నన్ను చూపించి "ఈ రెండు ఏం గింజలు?" అన్నది. రెండూ సీతాఫలం గింజలు. "ఒకటే తీరు ఉన్నయ్ గదా, అందుకే అక్క కొడుకు నీకు అన్న." అన్నను, నన్ను చూపించింది. ఒకటి చింతగింజ, ఒకటి సీతాఫలం గింజ. "ఇవి వేరు వేరు. అందుకే వీడు బావ."

పాప రెండు నిమిషాలు గింజలనే చూసింది. తర్వాత హైదరాబాద్‌లో ఉన్న తన మేనత్త బిడ్డను గుర్తు చేసుకుని, "నాన్న చింతగింజ, అత్త సీతాఫలం. వేరు వేరు. నాకంటే పెద్దది కాబట్టి అక్క కాదు, వదిన!" అని అరిచింది. నేను డిగ్రీ దాకా చదివాను. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు తోబుట్టువులనీ, అన్నాచెల్లెళ్ల పిల్లలు బావామరదళ్లనీ నాకు తెలుసు. కానీ రెండు రకాల గింజలతో ఇంత సులువుగా చెప్పొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. ఇంగ్లీషు కజిన్‌కు ఈ తేడా ఎన్నడూ తెలియదు. మన భాషలో అత్త అంటే నాయన చెల్లెలూ, మొగుని తల్లీ. మామ అంటే అమ్మ తమ్ముడూ, మొగుని తండ్రీ. మేనరికాల లెక్క మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉంది. అట్లని ఇప్పుడు మేనరికాలు చేసుకోమని చెప్పడం లేదు. దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల ముప్పు ఎక్కువ. మాతోనే ఆ ముచ్చట అయిపోయింది.

అవ్వ పద్ధతిలోనూ ఒక చోట లెక్క తప్పుతుంది. మా చిన్నాయన తన అక్క బిడ్డనే, అంటే మా మేనత్త బిడ్డనే చేసుకున్నాడు. పెండ్లికి ముందు ఆమె నాకు వదిన, పెండ్లయినంక చిన్నమ్మ. చిన్నాయన ముందర చిన్నమ్మ అంటాను, వంటింట్లో ఇద్దరమే ఉంటే వదినా అంటాను. పాప అడిగింది, "మరి నేనేమనాలి?" అవ్వ, "అవ్వా అను, మురుస్తది" అన్నది. ఆమెకు నలభై ఐదేళ్లే. అస్సలు మురవలేదు.

ఇంకో మాట. టీవీ సీరియళ్లు వచ్చాక మా పిల్లలు చిన్నమ్మను పిన్ని అంటున్నారు, కాకను బాబాయ్ అంటున్నారు. సడ్డకుడు (తోడల్లుడు), యారాలు (తోడికోడలు) అంటే ఎవరో మా ఆయనకే తెలియదు, ఆయన వరంగల్ పట్నంలో పెరిగాడు. పెండ్లిళ్లకు పోతే ఫంక్షన్ హాల్‌లో తిని, ఫొటో దిగి వచ్చేయడమే. పెండ్లిపిల్లను గంపలో మోసుకొచ్చేది మేనమామ అని చూస్తే కదా, మేనమామ అంటే ఏందో పిల్లలకు అర్థమయ్యేది. ఒడిబియ్యం పోసేటప్పుడు పిల్లలను పక్క గదిలో ఫోన్ ఇచ్చి కూర్చోబెడతారు. ఆ రోజు ఎవరు ఎవరికి బియ్యం పోస్తారో చూపించండి, చార్టు అక్కర్లేదు.

వెనకట ఈ పనికి మనుషులే ఉండేవాళ్లు. కాపోళ్ల ఇండ్లకు పిచ్చకుంట్లవాళ్లు వచ్చి గోత్రాలు, వంశం చెప్పి గింజలు తీసుకుపోయేవారట. ఇప్పుడు వాళ్లను వంశరాజులు అంటున్నారు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. పటం విప్పి కులం కథ చెప్పేవారు. అవ్వ చిన్నప్పుడు విన్నది. నేను ఒక్కసారి కూడా వినలేదు.

చెట్టు బొమ్మే కావాలంటే మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి ఉంది. పాపను తీసుకుపోయి చూపించాను. మూడెకరాలకు పైగా పాకింది, ఊడలు దిగి దిగి అవే మొదళ్లయ్యాయి. అసలు మొదలు ఏదో పాపకు దొరకలేదు, నాకూ దొరకలేదు. 2018లో దానికి చెదలు పట్టి చస్తుంటే మనుషులకు ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మా అవ్వ గింజల పటం చూస్తే అట్లనే ఉంటుంది. స్కూల్ చార్టులో ఉన్నది ఆపిల్ చెట్టు. పాలమూరులో ఆపిల్ చెట్టు ఎవరు చూశారు?

అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు. అంతా పేర్చినంక పాప గింజలు లెక్కపెట్టింది. నాయనకూ చిన్నాయనకూ నడుమ ఒక చిన్న సీతాఫలం గింజ ఉంది, సగం విరిగినది. పొరపాటున పడిందనుకుని పాప తీసేయబోయింది. అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీయ్. అది నా బిడ్డనే. తొట్టెల్లనే పోయింది. ఇరవై ఒకటో దినం పేరు పెట్టినం, నెల తిరగలే."

నాయన అక్కడే గడప మీద కూర్చుని ఉన్నాడు. తనకు ఇంకొక చెల్లె ఉండేదని ఆయనకు అరవై రెండేళ్ల వయసులో తెలిసింది. పొద్దున బియ్యం ఇచ్చేటప్పుడు ఆ పేరు ఎవరూ చదవలేదు. ఫౌతి కాగితంలో ఉండే ముచ్చటే లేదు. "పేరేందమ్మా?" అని అడిగాడు. అవ్వ చెప్పింది. అది మా పాప పేరే. నేను పాపకు ఆ పేరు పెట్టాలనుకున్నప్పుడు అవ్వ ఒక్క మాట కూడా అనలేదు, మంచిగున్నది అన్నది అంతే.

పాప ఆ చార్టు వెనక తెల్లటి వైపు గింజలు అంటించి బడికి తీసుకుపోయింది. బడికి చేరేసరికి సగం రాలిపోయాయి. నీట్‌గా లేదు, ఫొటోలు లేవు అని మళ్లీ చేసుకురమ్మన్నారు. మళ్లీ చేయలేదు. మార్కులు పోతే పోనీ అనుకున్నాం.

మీరూ చేయాలనుకుంటే చింతగింజలు ఏ కాలంలోనైనా దొరుకుతాయి, సీతాఫలం గింజలు మాత్రం దసరా ముందు కడిగి ఆరబెట్టుకోండి. గింజలు పేర్చేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్ద మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి, మీకు తెలిసిందే మొత్తం అనుకోవద్దు. ఇంకా నడక రాని చిన్నపిల్లలు ఉంటే ఆ గింజలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. సీతాఫలం గింజ లోపలి పప్పు విషం, దాని పొడి కంట్లో పడితే కళ్లు మండిపోతాయి. మా తమ్ముని వరుస పిల్లాడికి అట్లనే అయింది.