కొత్త పిట్ట కనబడితే ముందు కాళ్ళు చూడు

అమ్మలూ,

నీకు నరసాపురం బదిలీ అయిందనీ, రోజూ ఏటిగట్టు మీద నడుస్తూ కనబడిన పిట్టలన్నిటికీ పేర్లు కనుక్కుని రాసిపెట్టుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే మీ అత్తతో "చూశావా నా మేనకోడల్ని!" అన్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒకటే టెన్షన్. గట్టూ, బురదా, పోటు నీళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి. ఇరిగేషన్‌లో చేసినన్నాళ్ళూ వరద గస్తీ తిరిగినవాణ్ణి, 86 వరద కళ్ళారా చూసినవాణ్ణి. గోదారంటే నాకు ఎంత భక్తో అంత భయం. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

టోపీ, నీళ్ళ సీసా, చిన్న నోటుపుస్తకం, పెన్ను. ఇవి ఒకరు చెప్పాలా? బూట్ల సంగతి మాత్రం చెప్పాలి. చీలమండలు కప్పేవి కొనుక్కో. గట్టు వాలులో గడ్డి ఏపుగా ఉన్నచోట రక్తపింజరి ఉంటుంది. అది తప్పుకుని పోయే రకం కాదు, ఉన్నచోటే బుసకొడుతూ పడుంటుంది. తల పైకెత్తి చెట్లు చూస్తూ నడవకు. చూడాలనిపిస్తే ఆగి చూడు, నడిచేటప్పుడు నేల చూడు.

నువ్వుండేది గోదారి పాయ వశిష్ఠకి పడమటి ఒడ్డున. పొద్దున్నే ఏటి వైపు చూస్తే సూర్యుడు నీ కళ్ళలోనే ఉంటాడు. అప్పుడు నీటికాకీ నల్లగానే కనబడుతుంది, గుడ్డికొంగా నల్లగానే కనబడుతుంది. ఏరు చూడాలంటే సాయంత్రం వెళ్ళు. పొద్దున పూటయితే గట్టుకి లోపలివైపు చేలూ, చేపల చెరువులూ చూసుకో, ఎండ నీ వీపు మీద పడుతుంది. "పంటు పడవెక్కి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వెళ్ళి అక్కణ్ణుంచి చూస్తాను" అంటావేమో. వెళ్ళు, కానీ రేవులో మనుషులూ బళ్ళూ కిక్కిరిసి ఉంటే ఆ పంటు వదిలేసి తర్వాతది ఎక్కు.

ఇక అసలు సంగతి. తెలియని పిట్ట కనబడగానే అందరూ చేసే పని రంగు చూడటం. రంగుని నమ్మితే నట్టేట ముంచుతుంది. గుడ్డికొంగనే తీసుకో. బురద పక్కన మట్టి రంగులో ముడుచుకుని కూర్చుంటుంది, పక్కనుంచి వెళ్ళినా కనబడదు. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. వానాకాలంలో జత కట్టే వేళకి వీపంతా మెరూన్ రంగు తిరుగుతుంది. చూసింది ఒక్క పిట్టే, నీ పుస్తకంలో మూడు పేర్లు పడతాయి.

తెల్లకొంగలదీ అదే గొడవ. ఊళ్ళో అన్నీ కొంగలే. నువ్వు కాళ్ళు చూడు. చిన్న తెల్లకొంగకి ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు, పసుపు మేజోళ్ళు తొడుక్కున్నట్టు. పల్చటి నీళ్ళలో నిలబడి ఒక పాదాన్ని వణికిస్తుంది. అడుగున దాక్కున్న చేపపిల్ల బెదిరి కదలగానే పొడుస్తుంది. ఒకసారి ఆ వణుకు చూశావంటే ఇక పుస్తకం అక్కర్లేదు. పెద్ద తెల్లకొంగకి పాదాలు కూడా నలుపే. మెడ వంపు తిరిగి ఉంటుంది, నోటి గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. పశువుల వెంట తిరిగేది పొట్టిది, ముక్కు పసుపు, జత కట్టే రోజుల్లో తలా మెడా నారింజ రంగు పడతాయి. ముక్కు దవడల మధ్య సందుంటే అది నత్తగుల్ల కొంగ. పిల్లకి ఆ సందు ఉండదు, పెరిగాక వస్తుంది.

ఎంతుందో నీకు తెలిసిన పిట్టతో పోల్చు. పిచ్చికంతా, గోరింకంతా, కాకంతా? ముక్కు ఎలా ఉంది? కాళ్ళ రంగేమిటి? ఏం చేస్తోంది? గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి నిట్టనిలువుగా నీళ్ళలో పడితే అది నలుపూ తెలుపూ లకుముకి. చలికాలంలో రాళ్ళ కట్టుబడి మీద గోధుమరంగు చిన్నపిట్ట తోక పైకీ కిందకీ ఊపుతూ పరిగెడితే సాండ్‌పైపర్. ఇవన్నీ ముందు పుస్తకంలో రాసుకో, ఆ తర్వాతే ఫోన్ తియ్యి. మెర్లిన్ యాప్ మంచిదే, కాదనను. కూత వింటుంది, పేరు చెబుతుంది. అయితే అది చెప్పిన పేరు చదివాక నీ కంటికి అదే పిట్ట కనబడటం మొదలవుతుంది.

ఇప్పుడు మీ నాన్న కథ చెప్పాలి. మీ అమ్మకి చెప్పకు.

పెళ్ళయిన కొత్త. నాకు అవతలి ఒడ్డున డ్యూటీ. బావ నాకు తోడొచ్చాడు. ఏప్రిల్ ఎండ, బ్యారేజీ కింద ఏట్లో నీళ్ళు అంతంతమాత్రం. పాటు సమయానికి నీళ్ళు వెనక్కి తగ్గి, ఒడ్డుకి కొంచెం దూరంలో ఇసుక తిప్ప తేలింది. దానిమీద తెల్లటి పిట్టలు గుంపుగా ఉన్నాయి. "అవేం పిట్టలు బావా?" అన్నాడు. "ఇక్కణ్ణుంచే కనబడుతోంది కదా, నల్ల టోపీ, పసుపు ముక్కు, చీలిన తోక" అన్నాను. ఆయనకి ఆనలేదు. పంచె ఎగ్గట్టి మోకాలి లోతు పాయ దాటి తిప్ప ఎక్కేశాడు. పిట్టలన్నీ లేచి నెత్తిమీద గోలగోలగా తిరుగుతున్నాయి. నేను గట్టు మీద నుంచి అరుస్తున్నాను. ఆయన నా వైపు చెయ్యి ఊపుతూ నవ్వుతున్నాడు.

అవి గుడ్ల మీద ఉన్నాయమ్మా. గూడంటూ ఏమీ ఉండదు. ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగు మీద మచ్చలున్న గుడ్లు. పక్కన నిలబడినా కనబడవు. ఆ ఎండకి గుడ్లు ఉడికిపోకుండా తల్లీ తండ్రీ వంతులేసుకుని నీడ పడతాయి. వాటిని లేపి, అవి ఏమిటో చూద్దామని ఈయన అక్కడే తచ్చాడుతున్నాడు. చెప్పు కింద ఏదో చితికిందట. వంగి చూసి కదలకుండా నిలబడిపోయాడు. ఎటు అడుగేస్తే ఏం తొక్కుతానో అని.

అలా నిలబడి ఉండగానే పోటు తిరిగింది. సముద్రం దగ్గర కదా, వేసవిలో పైనుంచి తోసే నీళ్ళు లేక ఉప్పునీరు సరాసరి పైకొచ్చేస్తుంది. వెళ్ళేటప్పుడు మోకాలి లోతున్న పాయ నడుం దాటింది, అడుగున బురద. ఆయనకి ఈత రాదు. వల వేసుకుంటున్న ఒకాయన నావ తిప్పుకొచ్చి ఎక్కించుకున్నాడు. అప్పటికి బావ ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇంటికి నడుస్తూ "ఇంతకీ వాటి ముక్కు ఏం రంగు బావా?" అని నేనే అడిగాను. చూడలేదన్నాడు. అంత దగ్గరికెళ్ళి చూడలేదు! వాటిని రివర్ టెర్న్‌లంటారని తర్వాత పుస్తకంలో చూసి చెప్పాను. ఇప్పటికీ మీ నాన్న కోడిగుడ్డు చేత్తో పగలగొట్టడు, మీ అమ్మే కొట్టాలి. గమనించావో లేదో.

కాబట్టి గట్టు దిగకు. మార్చి నుంచి మే దాకా తిప్పల జోలికి అసలు పోకు. పిట్ట దూరంగా ఉంటే దూరంగానే చూడు, పేరు దొరక్కపోతే పుస్తకంలో ఖాళీ వదిలెయ్యి. ఎక్కడైనా గూడు కనబడితే ఫొటో పెట్టి చోటు చెప్పకు. మర్నాటికి కెమెరాలేసుకుని పదిమంది దిగుతారు. నిన్ను తిడుతున్నానని మూతి ముడుచుకోకు. చిన్నప్పుడు కాలవ గట్టున నా వేలు పట్టుకుని, ఏట్రింత పిట్ట గద్దని తరుముతుంటే చప్పట్లు కొట్టిన పిల్లవి నువ్వు.

జనవరిలో సెలవు దొరికితే చెప్పు, కాకినాడ వెళ్దాం. కోరింగ మడ అడవుల్లో ఆ నెలలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. అక్కడి బురద మేటల దగ్గర చలికాలంలో ఇండియన్ స్కిమ్మర్లు దిగుతాయి. నారింజ రంగు ముక్కు, పై దవడ కంటే కింది దవడ పొడుగు. నీళ్ళని ఆ కింది దవడతో కోసుకుంటూ ఎగురుతాయి. లెక్క తెలిసినవాళ్ళ పక్కన నిలబడితే నీకు నెల రోజుల్లో రానిది ఒక్క పూటలో వస్తుంది.

నా పాత బైనాక్యులర్ అత్త చేతికిచ్చి ఆదివారం పంపిస్తున్నాను. కుడి కంటి అద్దం పక్కన తిప్పేది బిగుసుకుంది, బలవంతంగా తిప్పకు. పట్టీ పాతబడింది, వేసుకునే ముందు కొత్తది కొనుక్కో.

ఇట్లు,
మావయ్య